ఇంటర్నెట్ ఆర్కైవ్ వాడేవాళ్ల కోసం ఒక రివ్యూ: పుస్తకాలు, కచేరీలు, పాత రికార్డులు, అన్నీ కలిపి

సస్టైనబిలిటీ అనగానే ప్లాస్టిక్, కరెంటు, చెట్లు, ఇవే గుర్తొస్తాయి అందరికీ. అది కరెక్టే. కానీ మనుషులు రాసుకున్నవీ పాడుకున్నవీ కూడా తర్వాత వచ్చేవాళ్లకి అందాలి కదా, అవి పోయాయంటే మళ్లీ వేసుకోడానికి విత్తనం కూడా మిగలదు, ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు. ఈ దాచిపెట్టే పని చేస్తున్న సర్వీసుల్లో నేను ఎక్కువ వాడేది ఇంటర్నెట్ ఆర్కైవ్. చాలామంది దీన్ని పాత పీడీఎఫ్‌లు ఫ్రీగా దొరికే సైటు అనుకుంటారు, ఒక పుస్తకం దించుకుని వెళ్లిపోతారు, మళ్లీ అటు తిరిగి చూడరు. లోపల ఉన్నది అంతకంటే చాలా ఎక్కువ. అందుకే విభాగాల వారీగా రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది.

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో పుస్తకాల దగ్గర అర్థమవుతుంది.

ముందు అసలు ఇదేంటో. 1996లో బ్రూస్టర్ కేల్ అనే ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టాడు, లాభాపేక్ష లేని సంస్థ, సైట్లో యాడ్స్ ఉండవు, విరాళాలు, గ్రాంట్లు, లైబ్రరీలకి చేసిపెట్టే పనుల మీద నడుస్తుంది. 2009లో ఒక పాత చర్చి బిల్డింగ్ కొనుక్కుని అందులోకి మారారు, ముందు వైపు గ్రీకు గుడిలాగా స్తంభాలుంటాయి. వాళ్ల లోగోలో అప్పటికే అలాంటి స్తంభాలే ఉన్నాయి, ఆ లోగోకి సరిపోయిందనే కొన్నామని కేల్ సరదాగా చెప్తుంటాడు. లోపల ప్రార్థన హాల్లో మూడేళ్లకి పైగా పనిచేసిన ఉద్యోగుల మట్టి బొమ్మలు వరసగా నిలబెట్టి ఉంటాయి, అదే హాల్లో గోడ పక్కన సర్వర్లు. ఆ సర్వర్ గదులకి ఏసీ పెట్టలేదు, వాటి నుంచి వచ్చే వేడినే బిల్డింగ్ వెచ్చగా ఉండటానికి వాడుకుంటారు. అంతమాత్రాన పర్యావరణానికి ఏదో గొప్ప మేలు జరిగిపోయిందని నేను అనను, సర్వర్లు తినే కరెంటు ఎలాగూ తింటాయి, కానీ వేడిని బయటికి తోసెయ్యడానికి మళ్లీ ఇంకో మెషీన్ పెట్టకుండా ఉన్నదాన్నే వాడుకోవాలన్న ఆలోచన ఉంది చూడండి, అది నాకు నచ్చింది.

వెబ్ పేజీల సంగతి తొందరగా ముగిస్తా, ఎందుకంటే వెబ్ పేజీల పాత కాపీలు చూపించే వేబ్యాక్ మెషీన్ గురించి ఎక్కువమందికి తెలుసు. 2001లో జనానికి అందుబాటులోకి వచ్చింది, 2025 అక్టోబర్ నాటికి లక్ష కోట్ల పేజీలు దాటింది. ఇదెందుకు అవసరమో ప్యూ రీసెర్చ్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన లెక్క చూస్తే తెలుస్తుంది, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకల్లా కనపడకుండా పోయాయట. వికీపీడియాలో చచ్చిపోయిన లింకులు ఉంటే ఒక బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం, వెతికి ఆర్కైవ్ కాపీకి కలుపుతుంటుంది, మనకి తెలియకుండానే దీని సాయం తీసుకుంటూ ఉంటాం. మీకు పనికొచ్చే పేజీ ఏదైనా ఉంటే 'సేవ్ పేజ్ నౌ' అనే చోట లింకు వేస్తే కాపీ తీసి పెడుతుంది. వాడండి, సింపుల్.

ఇప్పుడు అసలు విషయం, సంగీతం. నన్ను అడిగితే ఈ సైట్లో బెస్ట్ విభాగం లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్. వేలకొద్దీ బ్యాండ్ల కచేరీలు, స్టూడియోలో చేసిన పాటలు కాదు, స్టేజి మీద ఆ రోజు వాయించింది వాయించినట్టు. మొత్తం రికార్డింగులు 2.5 లక్షలు దాటాయి. ఇది పుట్టిన తీరు వింటే నాకు భలే ముచ్చటేస్తుంది. ఇంటర్నెట్ రాకముందే కొన్ని బ్యాండ్లు, ముఖ్యంగా గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్, మా కచేరీని మీరు రికార్డు చేసుకోండి, ఒకరికొకరు పంచుకోండి, డబ్బుకి మాత్రం అమ్మకండి అని ఒప్పుకున్నాయి. దాంతో మైకులు, టేపు రికార్డర్లు మోసుకొచ్చే ఒక బ్యాచ్ తయారైంది, టేపర్లు అంటారు వాళ్లని. పోస్టులో క్యాసెట్లు పంపుకునేవాళ్లు, మొహం తెలియని మనిషికి ఖాళీ క్యాసెట్ పంపిస్తే వాడు నింపి తిరిగి పంపించేవాడు, అంతా నమ్మకం మీదే. నెట్ వచ్చాక ఈ పని ఈట్రీ అనే గ్రూపు చేతికొచ్చింది, వాళ్లూ ఆర్కైవూ కలిసి 2002లో ఈ విభాగం మొదలుపెట్టారు.

రూల్ ఒక్కటే. బ్యాండ్ ఒప్పుకుంటేనే దాని రికార్డింగులు పెడతారు. ఎవరు ఒప్పుకున్నారు, ఏ షరతుల మీద, అనేది ఆ బ్యాండ్ పేజీలోనే రాసి ఉంటుంది. 2005లో పెద్ద గొడవ కూడా అయింది, గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ల వైపు నుంచి డౌన్‌లోడ్లు ఆపమన్నారు, అభిమానులు గట్టిగా ఎదురు తిరిగారు, చివరికి మధ్యేమార్గం ఒకటి కుదిరింది. ప్రేక్షకుల్లో కూర్చుని రికార్డు చేసినవి దించుకోవచ్చు, సౌండ్‌బోర్డు నుంచి, అంటే స్టేజి మీది మైకుల సౌండ్ అంతా కలిపే మెషీన్ నుంచి, నేరుగా తీసినవి మాత్రం సైట్లోనే వినాలి, దించుకోకూడదు. ఇవాళ్టికీ అలాగే నడుస్తోంది. నాకు ఈ ఏర్పాటు చూస్తే, సంగీతం సమాజాన్ని కలుపుతుంది లాంటి పెద్ద పెద్ద మాటల కంటే ఇదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ వాయించేవాడికీ వినేవాడికీ మధ్య ఒక ఒప్పందం ఉంది, అది తెగేదాకా వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకున్నారు, మళ్లీ అతికించుకున్నారు.

వినడానికి ఎలా ఉంటుంది అంటే, రికార్డింగుని బట్టి. ప్రేక్షకుల మధ్య తీసిన వాటిలో చప్పట్లు, పక్కవాడి కబుర్లు, దగ్గులు అన్నీ వినపడతాయి, అది పడనివాళ్లు సౌండ్‌బోర్డు అని రాసి ఉన్నవి వెతుక్కోండి. నాకైతే ఆ గోలతో వింటేనే హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది. టేపర్లు వివరాలు రాసే తీరు మాత్రం సూపర్, ఏ మైకు, ఎక్కడ నిలబెట్టారు, ఏ రికార్డరు, అక్కడి నుంచి ఫైలు ఎలా తయారైంది అని మొత్తం వంశవృక్షం రాసి పెడతారు. ఒకే కచేరీకి నలుగురు తీసిన నాలుగు రికార్డింగులు కూడా ఉంటాయి, కింద జనం రాసిన రివ్యూలు చదివి ఏది బాగుందో ఎంచుకోవచ్చు. చాలా వాటికి ఫ్లాక్ ఫైళ్లు ఉంటాయి, అంటే సౌండ్ ఏమీ తగ్గించకుండా కుదించినవి.

78 ఆర్పీఎం రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డుల) విభాగం ఇంకో లోకం. 1950ల దాకా రాజ్యమేలిన ఈ రికార్డులు ఎక్కువగా షెల్లాక్‌తో చేసేవాళ్లు, అంటే లక్క పురుగులు చేసే జిగురుతో. కింద పడితే పింగాణీలా పగిలిపోతాయి, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పడుతుంది. వీటిని డిజిటల్‌గా మార్చేటప్పుడు ఒకేసారి వేర్వేరు సైజుల్లో నాలుగు ముళ్లు పెట్టి రికార్డు చేస్తారు, ఎందుకంటే గాడి ఏ లోతులో అరగకుండా మిగిలిందో ఒక్కో రికార్డుకి ఒక్కోలా ఉంటుంది. ఆ నాలుగూ వినొచ్చు, గరగర తీసెయ్యకుండానే ఉంచారు, రీసెర్చ్ చేసేవాళ్లకి అదే కావాలి. సరదాగా వినేవాళ్లకి మొదట్లో చెవి అలవాటు పడటానికి కొంచెం టైమ్ పడుతుంది.

దీని మీద కూడా కేసు పడింది. 2023 ఆగస్టులో యూనివర్సల్, సోనీ లాంటి పెద్ద రికార్డు కంపెనీలు కోర్టుకెళ్లాయి, వేల పాటల లిస్టు పెట్టి కోట్ల డాలర్లు అడిగాయి, 2025 సెప్టెంబర్లో బయటపెట్టని షరతులతో రాజీ అయింది. కంపెనీల వాదన ఏంటంటే ఆ లిస్టులోని పెద్ద పెద్ద గాయకుల పాటలు స్ట్రీమింగ్‌లో ఇప్పటికే దొరుకుతున్నాయి, మాయమయ్యే ప్రమాదం లేదు అని. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ ఆ కలెక్షన్‌లో లక్షల పాటలున్నాయి, అందులో చాలామటుకు ఏ కంపెనీ మళ్లీ విడుదల చెయ్యనివి, పాడినవాళ్ల పేర్లు కూడా మర్చిపోయినవి, వాటిని ఎవరు దాస్తారు?

కంపెనీ చేతిలో ఉంటే భద్రంగా ఉంటుందిలే అనుకునేవాళ్లకి మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్ కథ చెప్పాలి. ఒకప్పుడు కొత్త బ్యాండ్లన్నీ పాటలు అక్కడే పెట్టేవి. 2003 నుంచి 2015 దాకా జనం పెట్టిన పాటల్లో దాదాపు 5 కోట్లు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. కోటిమందికి పైగా కళాకారుల పని! అంతకుముందు ఎవరో రీసెర్చ్ కోసం ఒక 4.9 లక్షల పాటలు దించి పెట్టుకున్నారు, ఆ ముక్క ఒక్కటి ఇప్పుడు ఆర్కైవ్‌లో ఉంది. మిగతావి గాల్లో కలిసిపోయాయి. వాటిలో గొప్ప పాటలు ఎన్నున్నాయో ఎవరికి తెలుసు, కానీ ఒక తరం కుర్రాళ్లు గ్యారేజీల్లో కూర్చుని ఎలా వాయించారో చెప్పే సాక్ష్యం అది.

పుస్తకాలకి వద్దాం. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలు లక్షలకొద్దీ ఉన్నాయి, వాటికి ఏ అడ్డూ లేదు, చదువుకోవచ్చు, దించుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. స్కానింగ్ క్వాలిటీ సంస్థ స్వయంగా చేసిన వాటిలో చాలా బాగుంటుంది. వీ ఆకారంలో ఉన్న ఊయల లాంటి దానిలో పుస్తకం పెట్టి, పైన గాజు పలక దించి, రెండు కెమెరాలతో రెండు పేజీలు తీస్తారు, పేజీ తిప్పేది మాత్రం మనిషే. పుస్తకం బైండింగు విప్పరు, కొయ్యరు. స్కాన్ అయ్యాక అసలు పుస్తకాన్ని కూడా పారెయ్యకుండా గోడౌన్లో భద్రం చేస్తారు. ఇది నాకు చాలా నచ్చిన విషయం, డిజిటల్ వచ్చింది కదా కాగితం ఎందుకు అని తీసిపారేసే లైబ్రరీల కాలంలో.

ఇక కాపీరైట్ ఉన్న పుస్తకాలు. ఇక్కడే నేను ఒక స్టార్ తగ్గించింది. పద్ధతి ఇలా ఉండేది: సంస్థ దగ్గర ఒక కాగితం కాపీ ఉంటే ఒక డిజిటల్ కాపీని ఒకసారికి ఒక్కరికే అరువిస్తారు, వాళ్లు తిరిగిచ్చాక ఇంకొకరికి. మామూలు లైబ్రరీ లాగే అన్నమాట. 2020 మార్చిలో ప్రపంచమంతా లైబ్రరీలు మూతపడ్డప్పుడు ఆ వరస తీసేసి ఎంతమందైనా ఒకేసారి తీసుకోవచ్చు అన్నారు. ఉద్దేశం మంచిదే, స్కూలు పిల్లలకి, టీచర్లకి అప్పుడు నిజంగా అక్కరకొచ్చింది. కానీ రచయితల్లో, ప్రచురణకర్తల్లో చాలామందికి మండింది, మా పుస్తకాన్ని మమ్మల్ని అడక్కుండా ఎలా పంచుతారు అని. జూన్‌లో నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి, ఆ గేట్లెత్తడం మీదే కాదు, ఒకటికి ఒకటి అరువిచ్చే పద్ధతి మీద కూడా. 2023 మార్చిలో కింది కోర్టులో, 2024 సెప్టెంబర్లో పై కోర్టులో ఆర్కైవ్ ఓడిపోయింది. 5 లక్షలకి పైగా పుస్తకాలు అరువిచ్చే జాబితాలోంచి తీసెయ్యాల్సి వచ్చింది.

నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఒకటికి ఒకటి అరువిచ్చే పద్ధతి న్యాయమైనదే అని నేను నమ్ముతా, లైబ్రరీ ఒక పుస్తకం కొన్నాక అది దాని సొంతం అవ్వాలి, ఇప్పుడు చాలా ఈబుక్స్ లైబ్రరీలకి అమ్మరు, కొన్నాళ్లకి లైసెన్స్ ఇస్తారు, గడువు అయిపోతే మళ్లీ కట్టాలి. ఇలా అయితే పుస్తకం వందేళ్లు నిలవదు. కానీ ఆ వరస తీసెయ్యడం తొందరపాటు. కచేరీల దగ్గర వాయించేవాళ్ల ఒప్పందం తీసుకుని చేశారు కాబట్టి ఇరవై ఏళ్లకి పైగా నిలబడింది, పుస్తకాల దగ్గర రాసేవాళ్లని కలుపుకోకుండా ముందుకెళ్లారు, అక్కడే దెబ్బతిన్నారు. రాసేవాడి కడుపు నిండకపోతే దాచడానికి రేపు కొత్త పుస్తకాలు ఎక్కడి నుంచి వస్తాయి చెప్పండి.

ఇప్పటికీ అరువుకి ఇచ్చే పుస్తకాలు చాలానే ఉన్నాయి, కొన్ని గంట సేపటికి, కొన్ని 14 రోజులకి. గంట అంటే చిరాకే గానీ వెనక ఎవరూ క్యూలో లేకపోతే మళ్లీ తీసుకోవచ్చు. ఒక రెఫరెన్స్ చూసుకోడానికి సరిపోతుంది, నవల చదవడానికి మాత్రం కాదు.

చూపు సరిగ్గా లేనివాళ్లకి, అచ్చు పుస్తకం చదవడం కష్టమైనవాళ్లకి వేరే దారి ఉంది. అర్హత ఉందని నమోదు చేయించుకుంటే, మామూలు వాళ్లకి తీసేసిన పుస్తకాలు కూడా వాళ్లకి అందుతాయి, పైకి చదివి వినిపించే పరికరాలకి సరిపోయే ఫార్మాట్లో. ఈ విషయం చాలామందికి తెలియదు, మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఉంటే తప్పకుండా చెప్పండి. దీనికి పక్కనే లిబ్రివాక్స్ ఉంది, 2005లో మొదలైన వాలంటీర్ల ప్రాజెక్టు, కాపీరైట్ లేని పుస్తకాల్ని మామూలు మనుషులు ఇంట్లో కూర్చుని చదివి రికార్డు చేసి పెడతారు, ఆ ఆడియో అంతా ఆర్కైవ్‌లోనే ఉంటుంది. ఎవరు చదివారన్న దాన్ని బట్టి క్వాలిటీ మారిపోతుంది, ఒకే పుస్తకంలో ఒక్కో అధ్యాయం ఒక్కో గొంతులో రావచ్చు, కొన్ని గొంతులు నిద్రపుచ్చేస్తాయి, కొన్ని అద్భుతం. ముందు ఐదు నిమిషాలు విని నిర్ణయించుకోండి.

ఇంగ్లిష్ కాని భాషల పుస్తకాలు వెతకడం కష్టం, తెలుగు సహా. పుస్తకాలు లేక కాదు, వేలల్లో ఉన్నాయి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి జనం తెచ్చి ఇందులో పెట్టారు. సమస్య పేర్లతో. ఒకే పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా కొట్టి ఉంటారు, రచయిత పేరు లేకుండా, సంవత్సరం తప్పుగా. ఎవరు అప్‌లోడ్ చేస్తే వాళ్లు రాసిందే వివరం, అంతే. కాబట్టి ఒక స్పెల్లింగ్‌తో దొరకలేదని వదిలెయ్యకండి, అచ్చులు మార్చి, ఇంటిపేరు తీసేసి, తెలుగు లిపిలో కొట్టి మళ్లీ చూడండి.

సెక్యూరిటీ గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తవదు. 2024 అక్టోబర్లో సైటు మీద దాడి జరిగింది, 3.1 కోట్ల అకౌంట్ల ఈమెయిళ్లు, ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డులు బయటికి పోయాయి, సైటు కొన్ని రోజులు మూతపడింది, తర్వాత కూడా మెల్లగా ఒక్కో సర్వీసు తెరిచారు. దాచిన సరుకుకి నష్టం జరగలేదని చెప్పారు, నయం. అకౌంట్ ఉన్నవాళ్లు ఇక్కడ వాడిన పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకండి. ఆ రోజుల్లో చాలామందికి తగిలిన ఆలోచన ఏంటంటే, ఇంత సరుకు ఒక్క సంస్థ చేతిలో ఉంటే ఎలా అని. కాపీలు వేరే చోట్ల అసలు లేవని కాదు, 2002లోనే అప్పటిదాకా సేకరించిన వెబ్ కాపీ ఒకటి ఈజిప్టులోని అలెగ్జాండ్రియా లైబ్రరీకి ఇచ్చారు, కెనడాలో, యూరప్‌లో సోదర సంస్థలు ఉన్నాయి. అయినా బరువంతా ఒక దగ్గరే ఉన్నట్టు అనిపిస్తుంది నాకు. సస్టైనబుల్ అనాలంటే ఇంకా పంచాలి.

ఆ పంచే పనిలో మనం చెయ్యగలిగింది కొంత ఉంది. ఇక్కడి ఫైళ్లలో చాలావాటికి తాళాలుండవు, ఎంపీ3, ఫ్లాక్, పీడీఎఫ్, మామూలు టెక్స్ట్, పదేళ్ల నాటి ఫోన్‌లో కూడా తెరుచుకుంటాయి. కొత్త ఫోన్ కొంటే తప్ప పాట రాదు అనే బాధ లేదు. ఒకసారి దించుకుని పాత ఫోన్‌లో వేసి ఇంట్లో పెద్దవాళ్లకి ఇచ్చారంటే ఆ ఫోన్ చెత్తలోకి పోకుండా ఇంకొన్నేళ్లు బతుకుతుంది. ఫ్రెండ్స్ నలుగురు కలిసి పుస్తకం చదువుకునేవాళ్లకి అందరి దగ్గరా ఒకే ఎడిషన్, ఒకే పేజీ నంబర్లు ఉంటాయి, ఎవరూ కొనక్కర్లేదు. సంగీతం నేర్చుకునేవాళ్లు ఒకే పాటని ఒకే బృందం వేర్వేరు ఏళ్లలో ఎలా వాయించిందో వరసగా విని చూడండి, స్టూడియో ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నా ఆ సంగతి తెలియదు.

కొత్త సినిమా పాటలు, నిన్న వచ్చిన నవల కోసం అయితే దీని జోలికి రాకండి, అది దీని పని కాదు, వాటిని కొనుక్కోండి, రాసినవాళ్లకి నాలుగు డబ్బులు వస్తాయి. విరాళం ఇవ్వగలిగితే ఇవ్వండి, అంతకంటే మీ దగ్గర మీదే అయిన రికార్డింగో, మీ ఇంట్లోవాళ్లు రాసిన పుస్తకమో ఉంటే, హక్కు మీదైతే, అప్‌లోడ్ చెయ్యండి. పేరు తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు రకాలుగా ఇవ్వండి, ఏ సంవత్సరం, ఎక్కడ, ఎవరు పాడారు, ఎవరు వాయించారు, దేంతో రికార్డు చేశారు అన్నీ రాయండి, కింద లైసెన్స్ గడి ఖాళీగా వదలకుండా క్రియేటివ్ కామన్స్‌లో (ఇతరులు ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే రెడీమేడ్ లైసెన్సులు) మీకు నచ్చినది ఎంచుకోండి, అది ఖాళీగా ఉంటే రేపు ఇంకెవరైనా వాడుకోవాలనుకున్నా వాడుకోవచ్చో లేదో తెలియక వదిలేసి వెళ్లిపోతారు.